రెండో దారం

మొన్న మా అమ్మాయి కొత్తింటికి సోఫా కొంటానని నన్ను నిజామాబాదులో ఒక పెద్ద దుకాణానికి తీసుకెళ్ళింది. లోపల చల్లటి గాలి, నున్నటి నేల, వరుసగా టేకు సోఫాలు. ప్రతిదాని మీదా 'చేతితో చేసినది' అని ఒక అట్టముక్క. టై కట్టుకున్న సేల్స్‌మన్ మా వెనకాలే తిరుగుతూ హాలు ఎన్ని అడుగులు, గోడలకు ఏ రంగు, టీవీ ఎటువైపు, కర్టెన్లు ఎలాంటివి అని వరసగా అడిగాడు. కూర్చునేది ఎవరు అని మాత్రం అడగలేదు. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు జలదరించింది. "ఏమైందమ్మా, ఏసీ ఎక్కువైందా?" అంది అమ్మాయి. అవునన్నాను. ఎడమ మణికట్టుకు పసుపు దారం చుట్టుకున్న ఒక మనిషి గుర్తొచ్చాడని చెబితే, మిగతాదంతా చెప్పాల్సి వస్తుంది.

వడ్రంగి కాబట్టి ఆర్మూరులో మా వాడకట్టంతా ఆయన్ను వడ్లాయన అనే పిలిచేది. నేను కాకా అనేదాన్ని. ఆయన పేరు నాకు తెలుసు, కానీ ఇక్కడ రాయను. ఆ పేరుకు నేను చేసింది చాలు.

ఆయన పద్ధతే వేరు. పనికి పిలిస్తే మొదటిరోజు పనిముట్లు తెచ్చేవాడు కాదు. చెప్పులు గడప బయట విడిచి, ముందు గది నాలుగు మూలల్లోనూ ఒక్కోసారి కింద కూర్చుని లేచేవాడు. ఎండ ఎటునుంచి పడుతుందో, గాలి ఎటునుంచి వస్తుందో, గుమ్మంలో ఎవరైనా నిలబడితే ఎక్కడ కూర్చున్నవాళ్ళకు ముందు కనిపిస్తారో చూసుకునేవాడు. ఆ తర్వాత ఇంట్లోవాళ్ళకు పరీక్ష మొదలు.

"నువ్వు ఏ చెయ్యి మీదికి ఒరుగుతవ్ బిడ్డా? మీ అత్త కాళ్ళు ముడుసుకొని కూసుంటదా, జాపుకొని కూసుంటదా? ఇంట్ల అలిగేటోళ్ళు ఎవలు? అలిగితే యాడ కూసుంటరు?"

మా అత్త ఒక్క క్షణం ఆలోచించకుండా నావైపు వేలు చూపించింది.

"అయితే నీ కుర్సీ కిటికీ దిక్కు ఏస్త. అలిగినోళ్ళకు బజారు కనవడాలె" అన్నాడాయన. మొహంలో నవ్వు లేదు. మేము నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాక కూడా ఆయన అలాగే కిటికీవైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆయన దగ్గర టేపు ఉండేది కాదు. దారమే. ఆర్మూరులో పసుపుకేం కొదవ, దారానికి పసుపు పట్టించి మణికట్టుకు చుట్టుకునేవాడు. మనిషిని పీట మీద కూర్చోబెట్టి, మడమ నుంచి మోకాలి వెనక్కి ఒక ముడి, మోకాలి నుంచి నడుముకు రెండో ముడి, కూర్చున్నప్పుడు ఒళ్ళు ఎంత వెడల్పు పరుచుకుంటుందో దానికి మూడో ముడి, పీట నుంచి మోచేతికి నాలుగో ముడి. మనిషికొక దారం. అవన్నీ ఆయన కొట్టంలో గోడకు మేకులకు వేలాడుతుండేవి. ఆయనకు చదువు రాదు, దేనిమీదా పేరుండదు. అయినా ఏ దారం ఎవరిదో తడుముకోకుండా చెప్పేవాడు. కొట్టంలో గాలి వీస్తే అవన్నీ ఒకేసారి కదిలేవి. ఆ గోడవైపు వీపు పెట్టి నేను ఎప్పుడూ నిలబడలేదు.

మా ఆయన షార్జాలో తాపీపని చేసేవాడు. ఎనభై ఆరో ఏడో, ఆ చలికాలం రెండు నెలల సెలవు మీద వచ్చాడు. మా ఇంటికి స్లాబు పడింది, తలుపులు ఇంకా లేవు. నాకు మాత్రం అప్పటికే ముందు గది మీద పిచ్చి పట్టింది. ఎదురింట్లో దుబాయి నుంచి వచ్చినవాళ్ళు ఎర్ర రెగ్జిన్ సోఫా వేసుకున్నారు. అలాంటిదే కావాలన్నాను కాకాతో.

"ఎండకాలం గండ్ల కూసోని లేస్తే సోఫా కూడా నీతోనే లేస్తది" అన్నాడు. "నేను టేకుతోని చేస్త. మేకు గొట్ట. కట్టెల కట్టె కూర్చి చేస్త. నీ మనుమలు ఎక్కి దుంకినా కదలది."

ఇటుకల మీద పీట వేసి మా ఆయన్ను కూర్చోబెట్టి కొలిచాడు. మా ఆయనకు చక్కిలిగిలి ఎక్కువ. మోకాలి వెనక దారం తగలగానే ఎగిరి పడేవాడు. మూడో ముడి వేస్తూ కాకా, "అల్లుడు మస్తుగున్నడు. కట్టె జర ఎక్కువనే వడతది" అన్నాడు. నేను బిడ్డనైతే మా ఆయన అల్లుడే కదా మరి. మా ఆయన మురిసిపోయి ఆ దారాన్ని చేతిలోకి తీసుకుని, ఏ ముడి దేనికో అడిగి తెలుసుకున్నాడు. మేస్త్రీ పని చేసేవాడికి కొలతలంటే మక్కువ.

కట్టె ఎంచడానికి నన్ను కూడా డిపోకు తీసుకెళ్ళాడు కాకా. నేను నల్లటి చారలున్న పలక చూపించి ఇది బాగుందన్నాను. వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. "సూడనీకె మంచిగున్నది. లోపట బోలు" అని పక్కకు నెట్టాడు. అలా ఒక పూటంతా పలకలు కొట్టుకుంటూ తిరిగి ఏడు ఏరాడు. వాటిని కొట్టంలో రాళ్ళకింద పేర్చి, రెండు ఎండాకాలాలు, రెండు వానాకాలాలు చూడాలన్నాడు. నేను నెలకోసారి వెళ్ళి గొడవ పెట్టుకునేదాన్ని. "కట్టెకు తొందర లేదు బిడ్డా, నీకెందుకు?" అనేవాడు ప్రతిసారీ.

ఆయనకు ఇంకో నియమం ఉంది. కట్టె ఎంచేటప్పుడు ఒకసారి కొలిచినా, కోసే ముందు మళ్ళీ కొలుస్తాడు. ఎందుకంటే ఆయన తండ్రి ఒకాయనకు పాత కొలతతో కుర్చీ చేసిచ్చాడట. ఈలోపు ఆ చేయించుకున్నాయనకు కొత్తగా పెళ్ళై, అత్తారింటి తిండి పట్టి, కూర్చున్నవాడు లేవలేకపోయాడట. కుర్చీతో సహా నడిచి వచ్చి కొట్టంలో నిలబడ్డాడట. ఈ కథ చెప్పేటప్పుడు మాత్రం కాకా నవ్వేవాడు.

కానీ ఊళ్ళో ఆ రెండో దారం గురించి వేరే మాట ఉండేది. పసుపు వ్యాపారం చేసే ఒక సేటుకు దివాన్ చేస్తూ రెండోసారి కొలిచి, "సేటూ, పని తర్వాత జూద్దాం, మీరు జర దవాఖానకు వోయి రాండ్రి" అన్నాడట. సేటు నవ్వి ఊరుకున్నాడు. నెల తిరక్కుండా పోయాడు. అప్పటినుంచి బీడీలు చుట్టే ఆడవాళ్ళు గుసగుసలాడేవాళ్ళు, వడ్లాయనతోని రెండోసారి దారం పెట్టించుకోవద్దని. నేను వాళ్ళను వెక్కిరించేదాన్ని. తిని కూర్చున్న సేటు పోకుండా ఉంటాడా అనేదాన్ని.

రెండేళ్ళు గడిచాయి. ఈలోపు మా అమ్మాయి పుట్టింది. ఇంటికి తలుపులొచ్చాయి, సున్నాలయ్యాయి. కట్టె ఆరింది. నన్నూ, మా అత్తనూ మళ్ళీ కొలిచి, "ఇగ అల్లునిది" అన్నాడు కాకా.

"ఆయన షార్జాల ఉన్నడు గద కాకా. పాత దారం ఉన్నది గద."

"ఉన్నది. గా దారం రెండేండ్ల కిందటి మనిషిది."

ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. మా వాడకట్టు నుంచి షార్జా పోయే ఒకతనికి ఉత్త దారం ఇచ్చి పంపాను. నెలన్నరకు ఇంకొకరి చేతికిచ్చి మా ఆయన దాన్ని తిప్పి పంపాడు, నాలుగు ముళ్ళతో. దాంతోపాటు ఒక క్యాసెట్టు. మా ఆయన ఉత్తరాలు రాసేవాడు కాదు, టేపులో మాట్లాడి పంపేవాడు. మంచిగున్న, మంచిగ తింటున్న, ఫికర్ చెయ్యకు, సోఫా అయినంక ఫొటో పంపు అన్నాడు.

నేను ఎగురుకుంటూ కొట్టానికి వెళ్ళాను. పొద్దున పదయ్యుంటుంది. కాకా గోడ మీది పాత దారం తీసి, పలక మీద రెండింటినీ పక్కపక్కన పరిచి, కదలకుండా కొసల మీద ఉలులు పెట్టాడు. మొదటి ముడి కలిసింది. రెండోదీ కలిసింది. మూడోది చూసి ఆగిపోయాడు. లేచి వెళ్ళి చేతులు కడుక్కుని, తుడుచుకుని, మళ్ళీ వచ్చి కొలిచాడు. అక్కడ కొత్త దారం బెత్తెడు తక్కువ ఉంది. నాలుగోది మళ్ళీ కలిసింది.

ఉలులు తీసి రెండు దారాలనూ చుట్టాడు. బయట ఎవరిదో ఎద్దుబండి పోయింది. "బిడ్డా," అన్నాడు, "అల్లుని రమ్మను."

"ఎందుకు కాకా?"

"మోకాలు గదే ఉన్నది. మోచెయ్యి గదే ఉన్నది. ఎముక ఏడికి వోతది? కండ వోయింది."

"దారం గుంజి పట్టిండేమో."

"గుంజితే అన్ని ముళ్ళు తగ్గుతయ్. గిదొక్కటే ఎందుకు తగ్గె?"

జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది, ఇప్పటికీ అంతే. నీ పని కట్టె కోసుడు, జాతకం చెప్పుడు కాదు అని విసురుగా వచ్చేశాను. ఇంటికొచ్చి మా అత్తకు చెప్పలేదు.

నాలుగు రోజులకు ఆయనే వచ్చాడు. మధ్యాహ్నం, అరుగు మీద ఆరేడుగురం ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నాం. "అల్లుడు పంపిన క్యాసెట్టు ఒకపారి పెట్టు బిడ్డా" అన్నాడు. అందరిముందూ కాదనలేక పెట్టాను. అరుగు చివర గొంతుక్కూర్చుని, కళ్ళు మూసుకుని, మొదటినుంచి చివరిదాకా విన్నాడు. మా ఆయన మంచిగున్న, మంచిగున్న అంటూనే ఉన్నాడు. టేపు టక్కున ఆగింది.

"పండుకొని మాట్లాడుతున్నడు బిడ్డా" అన్నాడు కాకా, మెల్లగా. "కూసోని మాట్లాడితే గొంతు గిట్లుండది. రమ్మను."

నా ఒళ్ళోని చాట ఎగిరి పడింది. ఆకు, తంబాకు అరుగంతా చెదిరిపోయాయి. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"నీ నోట్ల మన్నువడ! ఆ సేటును తిన్నది నీ దారమే. ఇప్పుడు నా పుస్తె మీద పడ్డవా? నడువ్, మా గడప తొక్కకు!"

ఆడవాళ్ళంతా చేతులు ఆపి చూశారు. కాకా లేచి, తువ్వాలు దులుపుకుని, కింద పడిన ఆకు ఒకటి ఏరి నా చాట పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. సాయంత్రానికల్లా ఆ మాట మా వాడకట్టు దాటింది. అన్నది నేను. మోసింది వాళ్ళు.

అయినా వారానికి మళ్ళీ వచ్చాడు. ఈసారి లోపలికి రాలేదు, గేటు దగ్గరే నిలబడ్డాడు. "కట్టె ఏడికీ వోదు బిడ్డా. సోఫా తర్వాత. ముందుగాల అల్లుని పిలువు." నేను తలుపు వేసేశాను. కిటికీ సందులోంచి చూస్తే, తలుపు తెరుచుకుంటుందేమోనని ఇంకా అక్కడే ఉన్నాడు.

ఎందుకు పిలవలేదని ఎవరైనా అడగొచ్చు. కాంట్రాక్టు ఇంకో ఏడాది ఉంది, మధ్యలో వస్తే మళ్ళీ పంపరు అని మా అత్త అనేది. అది నిజమే. కానీ అసలు సంగతి అది కాదు. భయపడ్డాను. రమ్మంటే, ఎందుకు రమ్మంటున్నావని ఆయన అడుగుతాడు. దారం తగ్గిందట అంటాను. అప్పుడాయన అవునంటే? అడగకపోతే ఏమీ లేదన్నట్టే ఉంటుందనుకున్నాను. తర్వాతి క్యాసెట్లో నేనే నవ్వుతూ, వడ్లాయన నువ్వు చిక్కిపోయినవ్ అంటున్నడు అని చెప్పి పంపాను. తిరిగి వచ్చిన క్యాసెట్లో ఆ మాటకు నవ్వూ లేదు, జవాబూ లేదు. పసుపు రేటు ఎంత, వానలు పడ్డాయా అని అడిగాడు. నేను దాన్ని రెండోసారి వినలేదు.

మా అత్త వెళ్ళి పాత దారానికే కోయమని కాకాకు చెప్పింది. మూడు నెలలకు బండి మీద సామాను వచ్చింది. పొడుగు సోఫా ఒకటి, దివాన్, టీపాయి, మనిషికొక కుర్చీ. అంత అందమైన గది మా వాడకట్టులో ఇంకెవరికీ లేదు. నా కుర్చీలో కూర్చుంటే కుడిచేయి దానంతటదే పిడి మీదికి ఒరిగింది. కిటికీలోంచి బజారు కనిపించింది. అత్త కుర్చీకి కాళ్ళు మడిచి పెట్టుకోవడానికి వీలుగా పలక వెడల్పు చేశాడు. మా ఆయన కుర్చీని గుమ్మానికి ఎదురుగా వేసి, కాకా దాని పిడిని అరచేత్తో ఒకసారి తుడిచాడు.

"పాత దారానికే చేసిన. వచ్చినంక నిండుతడు" అన్నాడు. మంచినీళ్ళు ఇస్తే తాగకుండా వెళ్ళాడు.

కాంట్రాక్టు నిండకముందే కంపెనీవాళ్ళు పంపేస్తే, మా ఆయన పసుపు ఉడకబెట్టే రోజుల్లో వచ్చాడు. ఊరంతా ఆ వాసనే. తోడొచ్చిన మనిషి భుజం పట్టుకుని గడప దాటాడు. నేను హారతి పళ్ళెంతో నిలబడి, వెనకాల ఇంకెవరో వస్తారేమో అన్నట్టు చూశాను. ఆయనకు అదేమీ పట్టలేదు. నేరుగా పోయి తన కుర్చీలో కూర్చుని, పిడులు నిమిరి, "అబ్బ, మస్తు చేసిండే" అన్నాడు. కుర్చీలో ఆయనకు రెండుపక్కలా చెరొక చెయ్యి దూరేంత ఖాళీ ఉంది. ఆయన ఆ ఖాళీలోకి చూసుకున్నాడు. నా మొహం చూశాడు.

"వడ్లాయన కొలత తప్పిండా?" అని అడిగాడు.

"అవును," అన్నాను. "తప్పిండు."

నిజామాబాదు దవాఖానలో డాక్టరు కడుపులో గడ్డ అన్నాడు. ఏడెనిమిది నెలల కింద తీసుకొస్తే ఏమైనా చేసేవాళ్ళమన్నాడు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోవాల్సిన పని లేకపోయింది నాకు. సరిగ్గా దారం వచ్చిన నెల అది. మా ఆయన నలభై రోజులు బతికాడు. పగలంతా ఆ కుర్చీలోనే, దిండ్లు పెట్టుకుని, గుమ్మంలోంచి వచ్చేపోయేవాళ్ళను చూస్తూ.

దినాలకు వచ్చినవాళ్ళందరి నోటా ఒకటే మాట. వడ్లాయన దారమే తినేసిందట. షార్జాలో ఉన్న మనిషిని కూడా దారం పంపి మరీ తిన్నాడట. నేను మూలన కూర్చుని వింటున్నాను. ఒక్కరన్నా, ఆయన ముందే చెప్పిండు గద, అనలేదు. అరుగు మీద ఉన్న ఆడవాళ్ళకు అది తెలుసు. నాకు వాళ్ళందరికంటే బాగా తెలుసు. కానీ ఆయన ముందే చెప్పాడని ఒప్పుకుంటే, మరి నువ్వెందుకు పిలవలేదు అనే ప్రశ్న వస్తుంది. దారం తినేసిందంటే నన్నెవరూ ఏమీ అడగరు. పైగా జాలిపడతారు. పడ్డారు కూడా.

ఆ తర్వాత ఆర్మూరులో ఎవరూ ఆయన చేత కొలిపించుకోలేదు. రెగ్జిన్ సోఫాలు తెచ్చుకున్నారు. ఆయన పారలకు, గొడ్డళ్ళకు కర్రలు చెక్కుతూ, నాగళ్ళు బాగుచేస్తూ రోడ్డు పక్కన రేకుల కింద కూర్చునేవాడు. మణికట్టుకు దారం లేదు. నాకు అంగన్‌వాడీలో పనొచ్చింది, ఆ రోడ్డు మీదే రావాలి పోవాలి. ఒకరోజు పిలిచాడు.

"బిడ్డా, పని గురించి కాదు. నాకు చేతులు వణుకుతున్నయ్, పని ఎవలిచ్చినా చెయ్య. నేనన్నది శాపం కాదని నీకెరుక. నలుగురిల ఒక్కమాట చెప్పు. గంతే."

"చెప్త కాకా" అన్నాను.

"చెప్పు బిడ్డా" అన్నాడు, పని అయిపోయినంత నిమ్మళంగా.

నమ్మాడు, అదే నన్ను తినేస్తుంది. ఆ తర్వాత నేను ఆ దారిన వెళ్ళినప్పుడల్లా తలెత్తి చూసేవాడు. అడిగేవాడు కాదు, చూసేవాడు అంతే. నెల తర్వాత నేను దారి మార్చుకున్నాను. ఫర్లాంగు ఎక్కువ నడిచి, మార్కెట్ వెనకనుంచి తిరిగి వెళ్ళేదాన్ని. అలా ఐదారేళ్ళు తిరిగాను.

తొంభైల్లో ఒక ఎండాకాలం పొద్దున పోయాడు. నాకు నల్లా దగ్గర తెలిసింది. బిందెలు వరసలో ఉన్నాయి, నా బిందె అప్పుడే నల్లా కింద పెట్టాను. "దారం వెట్టినోళ్ళనందర్ని తిన్నడు, ఆఖరికి తనూ పోయిండు" అంది ఒకామె. ఇంకొకామె కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, అదేంటని అడిగింది. "గామెనడుగు. గామె ఇంట్లనే జరిగింది" అన్నారు. అందరూ నావైపు తిరిగారు. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని, "నిజమేనా అక్కా?" అంది.

మాట నాలుక మీదికి వచ్చింది. కాకా మూడుసార్లు చెప్పాడని, నేనే వినలేదని, ఆయన కొలత వేలెడు కూడా తప్పలేదని. అక్కడ పదిమంది ఉన్నారు. నలుగురు చాలన్నాడాయన.

"బిందె నిండింది, జర జరుగున్రి" అన్నాను.

నడుమున పెట్టుకుని గబగబా ఇంటికి వచ్చేశాను. అది సగం కూడా నిండలేదు.